చెయ్యి తగలని కబురు

కుసుమ తయారుచేసిన ప్రోగ్రాము మొట్టమొదట పట్టించిన దొంగ వాళ్ళ కేంద్రంలో సర్వర్లు చూసుకునే జానీబాషా.

ఆ రోజు కేంద్రం నడిపే మృత్యుంజయరావు గారు ఆరుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరి ఫోన్లోంచి వాళ్ళు ఏదో ఒక కబురు పంపండి, పక్క గదిలో కుసుమ ఏది ఎవరి చెయ్యో చెబుతుంది అన్నారు. అయిదు సరిగ్గా చెప్పింది. ఆరో కబురు దగ్గరికి వచ్చేసరికి తెర మీద 'ఫోను బాషాది, చెయ్యి బాషాది కాదు' అని పడింది. తీరా చూస్తే, దీని పస ఏపాటిదో చూద్దామని బాషా తన ఫోను పక్కనున్న గుమాస్తా గారి చేతిలో పెట్టి నొక్కించాడట. గది గదంతా నవ్వింది. బాషా కూడా నవ్వాడు గానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"నీ పక్కన కూర్చుంటే ఇక తుమ్మాలన్నా భయమే కుసుమా," అన్నాడు.

అందులో మాయేమీ లేదు. ఫోను లోపల ఆవగింజంత పరికరం ఒకటి ఉంటుంది. ఫోను ఎటు ఒరిగినా, ఎంత వణికినా అది రాసుకుంటూ పోతుంది. కారు ఆట ఆడేవాళ్ళు ఫోను వంచితే తెర మీద కారు వంగేది దాని చలవే. బొటనవేలితో నొక్కేవాళ్ళు కొందరు, ఫోనుని అరచేతిలో పడుకోబెట్టి చూపుడువేలితో పొడిచేవాళ్ళు కొందరు, పంపే ముందు ఒక్క క్షణం చెయ్యి బిగబట్టేవాళ్ళు కొందరు. ఏ ఇద్దరి కుదుపూ ఒకలా ఉండదు. ఆ కుదుపుల్లోంచి మనిషిని పోల్చుకోవడం కంప్యూటరుకి నేర్పడానికి కుసుమకి నాలుగేళ్ళు పట్టింది. సంతకం లాంటిదే కదా అని దానికి చేవ్రాలు అని పేరు పెట్టింది.

నేర్పింది మాటల గాదె మీద. రావుగారు పదేళ్ళ కిందట కాకినాడలో ఈ కేంద్రం పెట్టినప్పుడే మొదలుపెట్టిన వెబ్‌సైటు అది. సోషల్ మీడియా గురించీ డిజిటల్ మాధ్యమాల గురించీ చదువుకునే పిల్లలకి కావలసిన సరంజామా అంతా అక్కడ ఉచితంగా దొరుకుతుంది. పాఠాలు, పుకార్ల పట్టికలు, ఒక కబురు ఎన్ని చేతులు మారిందో లెక్కగట్టే పనిముట్లు, అన్నిటికన్నా విలువైనవి గోదావరి జిల్లాల్లో కొన్ని వందల ఇళ్ళవాళ్ళు ఇష్టపడి ఇచ్చిన కుటుంబ గ్రూపుల కబుర్లు. పేర్లూ ఫోను నంబర్లూ చెరిపేసి, ఇంటికో అంకె ఇచ్చి దాచారు. అవి పోగు చెయ్యడానికి ఆ ఫోన్లలో కేంద్రం వాళ్ళ యాప్ ఉండేది. కబుర్లతో పాటు ఫోను కదలికలు కూడా అదే తెచ్చి పోసేది. ఆ కదలికలు దేనికి పనికొస్తాయో అప్పట్లో ఎవరికీ తెలీదు, కుదిరింది కదా అని పోగుచేశారు.

"పుకారు ఎక్కడ పుట్టిందో ఇంతవరకూ ఎవరి ఫోనుదాకా వెళ్ళగలిగామే గాని, ఎవరి చేతిదాకా వెళ్ళలేకపోయాం," అన్నారు రావుగారు ఆ సాయంత్రం అందరి ముందూ. "ఈ పిల్ల తీసుకెళ్ళింది. వచ్చే నెల దీన్ని గాదెలో పెట్టేద్దాం. ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకుంటారు."

ఆయన మెచ్చుకుంటే కుసుమకి కడుపు నిండిపోయేది. తండ్రి పోయిన పిల్ల. ఆరేళ్ళుగా ఏం తోచకపోయినా ఆయన గుమ్మం ముందుకే వెళ్ళేది.

*

కుసుమది ఆత్రేయపురం అవతల కాలవ గట్టు మీద ఒక చిన్న ఊరు. ఇంటి వెనక పాకలో పక్కపక్కనే రెండు కుండలు బోర్లించి ఉండేవి. ఒకటి తల్లి వీరవేణిది, రెండోది పిన్ని తాయారుది. తోడికోడళ్ళిద్దరూ పొద్దున్నే కొబ్బరాకులు ఎగదోసి కుండలు కాక పట్టించి, పల్చటి బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగేవారు. క్షణంలో పూతరేకు తేలేది. నోటితో ఊదితే ఎగిరిపోయేంత పల్చన. దాంట్లో నెయ్యీ బెల్లప్పొడీ వేసి చుడితే రావులపాలెం హైవే మీద కొట్లవాళ్ళు, వీరవేణి గారి పాకలోవేనా అని అడిగి మరీ తీసుకునేవారు.

ఎనిమిదేళ్ళ కిందట, ఒక రోజు పొద్దున్న పదకొండు దాటాక, కుటుంబం గ్రూపులో ఒక కబురు పడింది. 'అందరికీ మనవి. పూతరేకుల్లో కొంతమంది పల్చటి ప్లాస్టిక్ కాగితం కలుపుతున్నారు. నిప్పుకి పెట్టి చూడండి, కరిగితే ప్లాస్టిక్కే. పిల్లలకి పెట్టకండి. పది మందికీ చెప్పండి.'

అందులో ఎవరి పేరూ లేదు. కానీ పంపింది తాయారు. తాయారు రేకు తీసేది వీరవేణి పాకలో. ఇక పేరుతో పనేముంది? ఆ పాకలో మనిషే చెబుతోందంటే నిజం కాకపోతుందా అనుకున్నారు అందరూ. ఆ గ్రూపులోంచి ఇంకో గ్రూపుకి, అక్కడినుంచి హైవే కొట్లవాళ్ళ గ్రూపుకి సాయంత్రానికల్లా పాకిపోయింది. నిప్పుకి పెడితే ఏ రేకైనా ముడుచుకుని నల్లబడుతుంది. అది చూపించి, ఇదుగో కరిగింది అంటూ ఎవరో వీడియో తీసి పెట్టారు. వారం తిరిగేలోపు కొట్లవాళ్ళు పెట్టెలు పెట్టెలుగా రేకులు తెచ్చి పాక ముందు పడేసి పోయారు.

"నేను పంపలేదక్కా," అంది తాయారు. "నా చేతిలో పిండి గుడ్డ ఉంది. ఫోను గూట్లో ఉంది. నేనెలా పంపుతానక్కా?"

వీరవేణి ఏమీ అనలేదు. అప్పటికి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న కుసుమే అంది. ఫోను తెరిచి పిన్ని మొహానికి దగ్గరగా పెట్టి, "నీ పేరు కనబడుతోంది కదా పిన్నీ. ఎందుకు అబద్ధం ఆడతావు?" అంది.

తాయారు ఆ పిల్లకి తల దువ్వి జడ వేసిన మనిషి. నెల తిరక్కుండా బాబాయితో రావులపాలెం వెళ్ళిపోయింది. బాబాయి అరటి మార్కెట్లో గెలలు ఎత్తడానికి కుదిరాడు, ఆవిడ మార్కెట్టు పక్కనే టీ కొట్టు పెట్టుకుంది. పాకలో రెండు కుండలూ చల్లారిపోయాయి. వీరవేణి ఇప్పుడు అదే ఊళ్ళో ఇంకొకళ్ళ పాకలో కూలికి రేకులు తీస్తుంది. అవి వేరే పేరుతో పెట్టెల్లోకి వెళతాయి. ఆవిడకి అన్నిటికన్నా నొప్పిగా ఉండేది ఆ సంగతే, పైకి చెప్పేది కాదు.

పుకార్లు ఎక్కడ పుడతాయో తెలుసుకోవాలని ఉంది సార్ అంటూ రెండేళ్ళ తర్వాత కుసుమ ఎమ్మే సీటు కోసం రావుగారి ముందు కూర్చుని, వాళ్ళమ్మ సంగతంతా చెప్పి ఏడ్చింది. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. తర్వాత, "నీలాంటి వాళ్ళే కావాలి తల్లీ," అన్నారు. సీటు ఇచ్చారు, హాస్టలు చూశారు, పీహెచ్‌డీలో తనే చేర్చుకున్నారు. ఒకసారి వాళ్ళ ఊరు కూడా వచ్చారు. ఆ రోజు వీరవేణి కుండ కడిగి, ఏళ్ళ తర్వాత సొంత పాకలో రేకు తీసి చుట్టి పెట్టింది. రావుగారు రెండు తిన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "మా పిల్లని మీ చేతిలో పెట్టేనండి," అంటే, ఆయన తల వంచుకునే ఉన్నారు. మంచివాళ్ళు అలాగే ఉంటారు కాబోలు అనుకుంది కుసుమ.

*

చేవ్రాలుని లోకానికి ఇచ్చే ముందు గాదెలో పాత పుకార్లన్నిటి మీదా ఒకసారి నడిపి చూడాలి. కుసుమ ఒక్కొక్క ఇల్లే చూసుకుంటూ వచ్చింది. ఇల్లు రెండువందల పన్నెండు మాత్రం చివరిదాకా అట్టే పెట్టింది. పేర్లు చెరిపినా, కబుర్లు చదివి ఎప్పుడో పోల్చుకుంది, అది వాళ్ళదే.

పంపింది పిన్నే అని తెలుసు. అందులో ఆమెకి అనుమానం లేదు. కానీ పిన్నికి ఆ మాట ఎవరు ఎక్కించారు? ఎవరో పుల్ల పెట్టి ఉండాలి, పిన్ని అంతటి మనిషి ఊరికే చెయ్యదు. ఆ ఒక్క అడుగు వెనక్కి వెయ్యగలిగితే చాలు, అమ్మకి ఒక సమాధానం చెప్పొచ్చు. అంతకు మించి ఆశించకుండానే ఆ మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మీట నొక్కింది.

తాయారు ఫోన్లోంచి ఆ కబురుకి ముందురోజు వెళ్ళిన కబుర్లు తెర మీదికి వచ్చాయి. ప్రతి దాని పక్కనా గీత ఎగుడుదిగుడుగా ఉంది. చివర్లో చిన్న గుంజు. పిన్ని బొటనవేలు ఎప్పుడూ ఎడమకి లాగుతుంది. కుసుమకి ఆ గీతలు చూస్తుంటేనే పిన్ని ఎదురుగా కూర్చున్నట్టుంది.

తర్వాత ఆ కబురు వచ్చింది. గీత కదల్లేదు. ఈ కొస నుంచి ఆ కొసకి తీగ లాగినట్టు తిన్నగా ఉంది. ఫోను వెల్లకిలా పడి ఉంది, దాన్ని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ తాకలేదు, అయినా కబురు వెళ్ళింది. పక్కన చేవ్రాలు రాసిన మాట ఒకటే: 'చెయ్యి లేదు.'

ప్రోగ్రాములో తప్పుందనుకుంది. మళ్ళీ నడిపింది. మూడోసారి కూడా అదే చెప్పింది. అప్పుడు గాదె మొత్తం మీద, చెయ్యి లేకుండా వెళ్ళిన కబుర్లు ఇంకా ఎన్ని ఉన్నాయో వెతకమంది. పిన్నిదీ కలిపి పన్నెండు ఫోన్లు తేలాయి. పన్నెండు ఊళ్ళు. అన్నీ ఎనిమిదేళ్ళ కిందటి ఒక నలభై రోజుల్లోవే. కడియం వైపు మొక్కలు పెంచే ఇంటి ఫోన్లోంచి మొక్కల మందుల గురించి, చెరువుల మీద బతికే ఇంటి ఫోన్లోంచి చేపల గురించి, పాలు పోసే ఇంటి ఫోన్లోంచి పాల గురించి. ఎవరి వృత్తి మీద వాళ్ళ ఇంట్లోంచే వెళ్ళాయి. ఎవరో పనిగట్టుకుని ఏరి పెట్టినట్టున్నాయి.

కుసుమ బాషా దగ్గరికి వెళ్ళింది.

"ఈ పన్నెండు ఫోన్లకీ ఆ సమయంలో బయటినుంచి ఏదైనా ఆజ్ఞ వచ్చిందా చూడు బాషా. ఫోనుని తాకకుండా నొక్కిన వాళ్ళు ఎవరు?"

బాషా చూశాడు. చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"మన యాపే," అన్నాడు. "వేలితో నొక్కినట్టు తనే మీటలు నొక్కే అనుమతి ఉండేది దానికి. ఆజ్ఞ వెళ్ళింది మన సర్వర్ నుంచే."

"మనదేంటి?"

"ఇదుగో, నేను రాకముందు సంగతి. సార్ అల్మరాలో పాత ప్రయోగాల ఫైళ్ళు ఉన్నాయి. తాళం నా దగ్గరుంది." జేబులోంచి తాళం తీసి, "చూడాలనే ఉందా?" అని అడిగాడు.

ఫైలు పల్చగా ఉంది. నమ్మకస్తుల నోటి నుంచి వచ్చిన అబద్ధం, అదీ వాళ్ళ సొంత వృత్తి గురించి అయితే, ఎంత వేగంగా పాకుతుంది అన్నది ప్రశ్న. మూడింతలు వేగంగా పాకింది అన్నది జవాబు. కింద రావుగారి దస్తూరీలో, 'ఎవరి పేరూ వాడలేదు గనక ఎవరికీ నష్టం లేదు' అని ఉంది. కింద ఆయన సంతకం. ఆ వెనక, ఫోన్లను ఎలా ఎంచుకున్నారో చెప్పే కాగితాలు.

రెండువందల పన్నెండు కాగితం మీద ఉన్నది కుసుమ చేతిరాత.

అప్పుడు గుర్తొచ్చింది. డిగ్రీ రెండో సంవత్సరంలో రావుగారు వాళ్ళ కాలేజీకి వచ్చి రెండు రోజులు పాఠాలు చెప్పారు. ప్రాజెక్టు మార్కుల కోసం ప్రతి ఒక్కరూ ఇంట్లో ఒకరి ఫోన్లో యాప్ వేసి, ఒక పత్రం నింపి ఇవ్వాలన్నారు. ఇంటి వృత్తి ఏమిటి అన్న చోట 'పూతరేకులు' అని రాసింది. మీ ఇంట్లో ఎవరి మాట ఎక్కువమంది నమ్ముతారు అన్న చోట పంతొమ్మిదేళ్ళ కుసుమ గుండ్రటి అక్షరాలతో రాసింది: 'మా తాయారు పిన్ని మాట. పిన్ని అబద్ధం ఆడదు.'

యాప్ వేసింది కూడా తనే. పిన్నీ నాకు మార్కులొస్తాయే అంటే, తాయారు అదేమిటని కూడా అడక్కుండా ఫోను చేతిలో పెట్టింది.

బాషా మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. కుసుమ తాగలేదు. ఫైలు మూసి చంకలో పెట్టుకుంది.

*

"కూర్చో తల్లీ," అన్నారు రావుగారు మర్నాడు పొద్దున్న.

కుసుమ కూర్చోలేదు. ఫైలు ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని తెరవలేదు. అట్ట చూసే గుర్తుపట్టారు.

"రెండువందల పన్నెండు మా ఇల్లని మీకు ఎప్పుడు తెలుసు సార్?"

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నువ్వు సీటు కోసం వచ్చిన రోజున. నువ్వు చెబుతుంటే ఊరూ తేదీ సరిపోయాయి. అంతకు ముందు నాకు అవి అంకెలే. ఒట్టు."

"ఆరేళ్ళయింది సార్."

"అవును."

"మా ఇంటికొచ్చి రేకు తిన్నారు."

ఆయన అబద్ధమాడి ఉంటే, లేదా గద్దించి ఉంటే కుసుమకి తేలికగా ఉండేది. ఆయన నిజంగానే కుంగిపోయి ఉన్నారు. అదే ఆమెకి భరించరానిదిగా తోచింది.

"చెప్పాలనే అనుకున్నాను," అన్నారు చివరికి. "ఈ ఏడు చెబుదాం, ఈ పరీక్షలయ్యాక చెబుదాం అనుకుంటూ వచ్చాను. నిన్ను చదివిస్తే కొంత తీరుతుందనుకున్నాను. ఆ రోజుల్లో ఈ చదువుకి నియమాలే లేవు కుసుమా. ఊరివాళ్ళకి పేరు అక్కర్లేదని, ఎవరి పక్కన ఎవరు నిలబడతారో వాళ్ళకి తెలుసని నాకు తట్టలేదు. నేను ఊళ్ళో పెరిగినవాణ్ణి కాదు. కానీ ఆ ప్రయోగం వల్ల తెలిసింది తక్కువేమీ కాదు. తర్వాత మనం పుకార్లని ఆపిన చోటల్లా ఆ లెక్కే పనికొచ్చింది."

"మా పిన్నిని నేనే అబద్ధాలకోరు అన్నాను సార్. మీ పత్రంలో అబద్ధం ఆడదని రాసిన చేత్తోనే ఫోను ఆవిడ మొహం మీద పెట్టాను."

"నా తప్పు. నీది కాదు."

"మీ తప్పు మీదే. నాది కూడా ఉంది."

ఆయన ఫైలుని నెమ్మదిగా తన వైపు లాక్కున్నారు. లాక్కుంటూ అన్న మాట కుసుమ ఎన్నటికీ మరిచిపోలేదు. "చేవ్రాలుని గాదెలో పెట్టేటప్పుడు ఆ పన్నెండు ఫోన్లూ తీసేద్దాం తల్లీ. పదేళ్ళు కట్టిన కేంద్రం. వందలమంది పిల్లలు దీని మీద ఆధారపడ్డారు. ఇది బయటికొస్తే ఇక ఎవరూ మనకి ఒక్క కబురు కూడా ఇవ్వరు."

ఆ మాటతో ఆమెలో ఆయన మీద మిగిలిన కాస్త గౌరవం కూడా ఊడిపోయింది. ఇంత చెప్పాక కూడా ఆయన కాపాడుకోవాలనుకున్నది గాదెనే.

మధ్యాహ్నానికి చేవ్రాలు గాదెలోకి ఎక్కింది. పన్నెండు ఫోన్లతో సహా. ఫైలులో ప్రతి కాగితానికీ రాత్రే తీసి ఉంచుకున్న ఫొటో పక్కన పెట్టింది. ఇంటివాళ్ళ పేర్లు చెరిపేసింది, కేంద్రం పేరూ ఆయన పేరూ ఉంచింది. బాషాని ఇందులోకి లాగకుండా మీట తనే నొక్కింది. తర్వాత హాస్టలుకి పోయి బట్టలు సర్దుకుంది. పీహెచ్‌డీ సంగతి ఏమవుతుందో ఆమెకి తెలుసు, దాని గురించి ఆలోచించే ఓపిక ఆ రోజు లేదు.

*

వీరవేణి కూలి పాక నుంచి ఒంటిగంటకి భోజనానికి వస్తుంది. మర్నాడు ఆ వేళకి కుసుమ ఇంట్లో ఉంది. అన్నం వడ్డించి, తల్లి తినేదాకా ఆగి, అప్పుడు చెప్పింది. ఫోన్లో ఆ తిన్నటి గీత చూపించింది. కష్టమైన మాటలు ఏవీ వాడలేదు. ఫోనుని ఎవరూ తాకలేదమ్మా, మా కేంద్రం వాళ్ళే దూరం నుంచి పంపారు, యాప్ వేసింది నేను.

వీరవేణి ఎంగిలి చెయ్యి ఎండిపోయేదాకా అలాగే కూర్చుంది.

"ఆ పెద్దాయనకి రేకు చుట్టి పెట్టేను కదే," అంది.

తర్వాత లేచి చెయ్యి కడుక్కుంది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

"పద. రావులపాలెం వెళ్దాం. తాయారు కాళ్ళు పట్టుకుంటాను."

బస్సులో ఆవిడ మాట్లాడుతూనే ఉంది. ఎనిమిదేళ్ళు మాట్లాడనిదంతా ఒక్కసారే వచ్చినట్టు. తాయారు కాపరానికొచ్చిన కొత్తలో రేకు తీయడం రాక చేతులు ఎన్నిసార్లు కాల్చుకుందో, తను ఎంత తిట్టిందో, ఆ తర్వాత తనకన్నా పల్చగా తీయడం ఎలా పట్టుబడిందో. రెండో కుండ అలాగే ఉంది, పగల్లేదు, మళ్ళీ కాక పట్టిస్తే సరిపోతుంది అంది. కుసుమకి కూడా అలాగే జరుగుతుందనిపించింది. నిజం తెలిశాక ఇక అడ్డేముంది?

టీ కొట్టు ముందు అరటి గెలల లారీలు నిలబడి ఉన్నాయి. తాయారు చిక్కిపోయింది. వీళ్ళని చూసి ఒక్క క్షణం టీ వడకట్టడం ఆపి, మళ్ళీ వడకట్టింది. బెంచీ చూపించింది. రెండు గ్లాసులు తెచ్చి ముందు పెట్టింది. అక్కకి చక్కెర తక్కువ వెయ్యాలని మర్చిపోలేదు.

కుసుమ మొదట క్షమించమంది. తర్వాత అంతా చెప్పింది. ఫోను తీసి గీత చూపించింది. తాయారు కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోను పట్టుకోకుండానే వంగి చూసింది.

"ఇదేంటే?"

"ఆ కబురు వెళ్ళినప్పటి నీ ఫోను, పిన్నీ. చూడు, కదల్లేదు. నువ్వు ముట్టుకోలేదని ఇది చెబుతోంది. లోకం అంతా చూసేలా పెట్టేను. ఇక ఎవరూ నిన్ను అనలేరు."

"ఓహో," అంది తాయారు.

వీరవేణి లేచి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "నన్ను క్షమించవే తాయారు. నాకు తెలీలేదు. ఇవాళ తెలిసింది. ఇంటికి రా. రెండు కుండలూ పెడదాం."

తాయారు చెయ్యి లాక్కోలేదు. అలాగని పట్టుకోనూ లేదు. మొహంలో కోపం లేదు. ఉంటే బాగుండునని కుసుమకి అనిపించింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. ఆ కబురు వెళ్ళిన వేళకి నేనెక్కడున్నాను?"

వీరవేణి పట్టిన చెయ్యి వదిలేసింది. తాయారే చెప్పింది.

"నీ పక్క కుండ దగ్గర. నీకూ నాకూ మధ్య పిండి గిన్నె. నువ్వే అన్నావు, తాయారూ గుడ్డ ఆరిపోతోంది, తొందరగా లాగూ అని. నా రెండు చేతులూ నీ కళ్ళ ముందే ఉన్నాయి. గూట్లో ఫోను అలాగే ఉంది. కదా?"

"ఉంది," అంది వీరవేణి.

"నువ్వు చూసేవు. చూసి కూడా, ఫోన్లో నా పేరు పడిందని నన్ను నమ్మలేదు. ఇవాళ అదే ఫోన్లో గీత పడిందని నేను మంచిదాన్నంటున్నావు." తాయారు కుసుమ వైపు తిరిగింది. "నువ్వు బాగా చదువుకున్నావే. మంచి పనే చేసేవు. నాకు ఒకటి చెప్పు. ఈ గీత వంకరగా వచ్చి ఉంటే, ఇవాళ మీ అమ్మని తీసుకుని నా కొట్టుకి వచ్చేదానివా?"

కుసుమ నోరు తెరిచింది. ఎనిమిదేళ్ళలో ఒక్కసారైనా, ఏ యంత్రమూ లేకుండా, పిన్ని నిజం చెప్పిందేమో అని అనుకున్నానా అని వెతుక్కుంది. మొన్న మధ్యాహ్నం మీట నొక్కేటప్పుడు కూడా అనుకోలేదు. రావుగారు తనని మోసం చేశారని రెండు రోజులుగా మండిపోతోంది. ఆయన పంపింది ఒక్క కబురే. దాన్ని ఇన్నేళ్ళు నమ్మింది తనూ, పక్కనే నిలబడి చూసిన అమ్మా.

"వచ్చేదాన్ని కాదు పిన్నీ," అంది.

"ఆఁ," అంది తాయారు, ఆ మాట తనకి ముందే తెలుసన్నట్టు. "టీ చల్లారిపోతోంది, తాగండి."

తాగారు. వీరవేణి కళ్ళు తుడుచుకుంటూ తాగింది. గ్లాసులు తాయారే తీసింది. బస్సు వస్తోందని ఎవరో కేకేస్తే తల్లీకూతుళ్ళు లేచారు.

"వెళ్ళొస్తాం తాయారూ," అంది వీరవేణి.

తాయారు తల ఊపింది. అప్పుడే టీ తాగి గ్లాసు పెట్టేసి లారీ వైపు నడుస్తున్న డ్రైవరుని చూసి, "మళ్ళీ రండి బాబూ," అంది.

వీళ్ళని రమ్మనలేదు.